కీగెల్ చేస్తున్నా ఫలితం లేదు, పరీక్ష తప్పదా?

ప్రశ్న: నా వయసు 36. రెండూ మామూలు కాన్పులే. చిన్నవాడికి మూడేళ్లు. దగ్గినా తుమ్మినా మూత్రం కాస్త పడిపోతోంది. వీడియోలు చూసి నాలుగు నెలలుగా కీగెల్ వ్యాయామాలు (మూత్రం ఆపుకునే కండరాలను బిగించి వదలడం), ఒక్కో బిగింపు పది సెకన్ల చొప్పున చేస్తున్నాను. తేడా ఏమీ లేదు. ఫిజియోథెరపిస్టు లోపల వేలితో పరీక్షించాలంటున్నారు. బిడియంగా ఉంది. ఆ పరీక్ష ఎందుకు?
– ఒక సోదరి, ఏలూరు

జవాబు: మీ కటి అడుగు కండరం, అంటే మూత్రాశయాన్ని, గర్భసంచిని కింది నుంచి పట్టి ఉంచే కండరం, ఎంతసేపు బిగుసుకుని ఉండగలదో చూడకుండానే పది సెకన్లు మొదలుపెట్టారు. నాలుగు సెకన్లకే అలసిపోయే కండరమైతే మిగతా ఆరు సెకన్లు పిరుదులు, తొడలు, పొట్ట బిగుసుకుంటాయి. చేసినట్టే అనిపిస్తుంది, కానీ కటి అడుగు కండరాలకు పని పడదు. ఇంకొందరు పైకి లాగాల్సింది పోయి ఊపిరి బిగబట్టి కిందికి ముక్కుతారు. దానివల్ల లీకు తగ్గకపోగా, ఆ కండరాలపై ఒత్తిడి పెరుగుతుంది.

పరీక్షకు ముందు మూత్రం పోసుకుని, మోకాళ్లు మడిచి వెల్లకిలా పడుకోవాలి. నడుము కింది భాగంపై దుప్పటి కప్పుతారు. మొదట బయటినుంచే చూస్తారు. బిగించమన్నప్పుడు యోనికీ మలద్వారానికీ మధ్య భాగం లోపలికి, పైకి కదలాలి. దగ్గమన్నప్పుడు అక్కడ ఉబ్బుతుందా, చుక్క పడుతుందా అని గమనిస్తారు. మీరు ఒప్పుకుంటేనే గ్లౌజు వేసుకుని, జెల్ రాసిన వేలితో కుడి, ఎడమ పక్కల కండరాన్ని విడివిడిగా తాకి చూస్తారు. కాన్పులో ఒక పక్క కండరం ఎముక నుంచి ఊడిపోతే ఆ పక్క పట్టు తెలియదు.

బలాన్ని ఆక్స్‌ఫర్డ్ కొలమానంలో 0 నుంచి 5 వరకు రాస్తారు. కదలికే లేకపోతే 0, చిన్న అదురు మాత్రమే ఉంటే 1, బలహీనంగా బిగుసుకుంటే 2, పైకి లాగడం తెలిస్తే 3, వేలి ఒత్తిడిని తట్టుకుని లాగితే 4, గట్టి పట్టు ఉంటే 5. ఆపై పట్టు సడలకుండా ఎన్ని సెకన్లు (పదికి మించి లెక్కించరు), నాలుగేసి సెకన్ల విరామంతో అలా ఎన్నిసార్లు, నిమిషం ఆగాక ఒక్కో సెకను చొప్పున చకచకా ఎన్నిసార్లు అన్నది చూస్తారు. ఉదాహరణకు బలం 3, నాలుగు సెకన్లు, ఐదుసార్లు, వేగంగా ఆరు అని వస్తే మీ వ్యాయామం సరిగ్గా అక్కడ మొదలవ్వాలి.

బిగించడం ఎంత ముఖ్యమో పూర్తిగా వదలడమూ అంతే ముఖ్యం. ఎప్పుడూ బిగుసుకునే ఉండి, తాకితే నొప్పి పుట్టే కండరానికి కీగెల్ పనికిరాదు. అలాంటి కండరానికి మొదట వదలడం నేర్పాలి.

లోపలి పరీక్ష వద్దని మీరు చెప్పవచ్చు, మధ్యలో ఆపించవచ్చు, తోడుగా మరో మహిళను ఉంచమనవచ్చు. ఇన్ఫెక్షన్ ఉన్నా, కాన్పయి ఆరు వారాలు దాటకపోయినా సాధారణంగా వాయిదా వేస్తారు. అప్పుడు బయటి పరిశీలన, చర్మంపై పెట్టే అల్ట్రాసౌండ్ ఉపయోగపడతాయి. తిరిగి కొలిచేటప్పుడు అదే భంగిమలో, వీలైతే అదే వ్యక్తి చేత చేయించుకోండి. వేలి అంచనా మనిషిని బట్టి మారుతుంది.

నిపుణుల పర్యవేక్షణలో కనీసం మూడు నెలలు చేయండి. దగ్గు వచ్చే ముందు క్షణం బిగించడం కూడా నేర్పమనండి, లీకు ఆపడానికి అది బాగా ఉపయోగపడుతుంది.

ప్రశ్న: మూత్రం మధ్యలో ఆపి చూస్తే బలం తెలుస్తుందా?
– మరో పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఏ కండరమో గుర్తుపట్టడానికి ఒక్కసారి చాలు. ఎంతసేపు నిలబెట్టగలరో అది చెప్పదు. రోజూ చేస్తే మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకపోవచ్చు. ఇంట్లో చూసుకోవాలంటే పడుకుని అద్దం పట్టుకుని యోనికీ మలద్వారానికీ మధ్య భాగం లోపలికి కదులుతోందో, బయటికి ఉబ్బుతోందో గమనించండి. ఉబ్బితే వ్యాయామం ఆపి నిపుణులను కలవండి. మూత్రంలో రక్తం కనిపించినా, ఏదో కిందికి జారినట్టున్నా గైనకాలజిస్టును సంప్రదించండి. తొడల మధ్య మొద్దుబారి, మూత్రం రాకుండా ఆగిపోతే మాత్రం ఆ గంటే ఆసుపత్రికి వెళ్లాలి.