హోటలు నడిపేవారికి బీమా: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: బరంపురం గేట్ బజారు ప్రాంతంలో అద్దె భవనంలో మూడేళ్లుగా టిఫిన్, భోజన హోటలు నడుపుతున్నాను. పనివారు ఎనిమిది మంది ఉన్నారు. ఇంతవరకు బీమా ఏదీ లేదు. ఈ మధ్య ఒక ఏజెంటు 'షాప్‌కీపర్స్ పాలసీ' తీసుకోమన్నారు, ఇంకొకరు 'భారత్ సూక్ష్మ ఉద్యమ సురక్ష' చాలన్నారు. రెండో దానికి ప్రీమియం తక్కువ. ఏది మంచిది? తుపాను నష్టం కూడా వస్తుందా?
— ఒక పాఠకుడు, బరంపురం

సమాధానం: ఈ రెండూ ఒకే సరుకుకు రెండు ధరలు కావు కనుక ప్రీమియం చూసి ఎంచుకోవడం కుదరదు. భారత్ సూక్ష్మ ఉద్యమ సురక్ష అనేది 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ ఒకే నిబంధనలతో అమ్ముతున్న పాలసీ. ఒకే చోట ఉన్న ఆస్తి మొత్తం విలువ రూ.5 కోట్లకు మించని వ్యాపారాలకు ఇది వర్తిస్తుంది. అగ్నిప్రమాదం, పేలుడు, పిడుగు, భూకంపం, తుపాను, వరద, అల్లర్ల వల్ల ఆస్తికి కలిగే నష్టాన్ని ఇది భరిస్తుంది. ఆస్తి దాటి ముందుకు వెళ్లదు. షాప్‌కీపర్స్ పాలసీ అలా కాదు. అగ్నిప్రమాదం, దొంగతనం, గల్లా డబ్బు, అద్దాలు, బోర్డు, యంత్రాల మరమ్మతు, బయటివారికి జరిగే హాని, పనివారి పరిహారం వంటివి విడివిడి విభాగాలుగా ఉండి, వాటిలో కొన్నింటిని కలిపి ఇచ్చే పాలసీ అది. ఏ కంపెనీ కలయిక ఆ కంపెనీదే. అందువల్ల ఇద్దరు ఏజెంట్లనూ విభాగాలవారీగా, ఒక్కొక్క విభాగానికి ఎంత మొత్తమో రాసిమ్మని అడగండి. చాలా ప్యాకేజీల్లో అద్దాలకూ బోర్డుకూ మంచి మొత్తాలు కనిపిస్తాయి కాని, అసలైన అగ్ని విభాగంలో మొత్తం మాత్రం చాలీచాలకుండా ఉంటుంది. మొదట చూడవలసినది ఆ అగ్ని విభాగాన్నే.

తుపాను సంగతికి వస్తే, 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటిందని మీ ఊరివారికి వేరే చెప్పనవసరం లేదు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ గజపతి జిల్లాను ఎంత దెబ్బ తీసిందో కూడా తెలిసిందే. సూక్ష్మ ఉద్యమ సురక్షలో తుపాను, వరద విడిగా అడగకుండానే చేరి ఉంటాయి. రేకులు ఎగిరిపోయినా, నీరు చేరి గ్రైండరు మోటారు కాలిపోయినా పాలసీ పలుకుతుంది. అయితే తుపాను తరువాత రోజుల తరబడి కరెంటు లేక డీప్ ఫ్రీజరులో చేపలు, రొయ్యలు, మాంసం పాడైపోతే ఆ నష్టం ఇందులో రాదు. శీతల నిల్వలోని సరుకు ఉష్ణోగ్రత మారి చెడిపోవడాన్ని పాలసీ స్పష్టంగా మినహాయించింది. మీ వ్యాపారంలో మాంసాహారం వాటా ఎక్కువైతే 'సరుకు చెడిపోవడం' అనే అదనపు రక్షణ దొరుకుతుందేమో ప్రత్యేకంగా అడగండి. రోజుకు తెచ్చినది రోజుకు వండేసే హోటలైతే దానికి డబ్బు పెట్టవలసిన పని లేదు.

మరొక మాట. ప్రీమియం ముందుగా కంపెనీకి చేరనిదే పూచీ మొదలు కాదని బీమా చట్టం, 1938లోని 64వీబీ సెక్షను చెబుతుంది. వాయుగుండం వార్త టీవీలో వచ్చాక పరుగెత్తితే, అప్పటికి తీరప్రాంతంలో కొత్త పాలసీలు ఇవ్వడం ఆపేసి ఉండవచ్చు. అక్టోబరు దాకా ఆగకండి.

ఇక ఎంత మొత్తానికి బీమా చేయించాలన్నదే మీ ఉత్తరంలో లేని, కాని అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న. భవనం అద్దెది కనుక గోడలకు, స్లాబుకు మీరు బీమా చేయించనవసరం లేదు. కాని మీ ఖర్చుతో వేయించిన టైల్సు, ఫాల్స్ సీలింగు, వైరింగు, పొగ గొట్టం, చేతులు కడిగే సింకులు మీవే. వాటిని 'ఇంటీరియర్' పేరున విడిగా చూపించాలి. ఒక రోజు మధ్యాహ్నం రద్దీ తగ్గాక వంటింటి పొయ్యిల దగ్గర మొదలుపెట్టి కౌంటరు వరకు నడుస్తూ ఒక్కొక్క వస్తువును కాగితం మీద పెట్టండి. మూడు మంటల పొయ్యి, తడి గ్రైండరు, ఇడ్లీ స్టీమరు, ఫ్రీజరు, స్టీలు బల్లలు, కుర్చీలు, ఇన్వర్టరు, బిల్లింగు యంత్రం, ఏసీలు, ఆ రోజు నిల్వ ఉన్న బియ్యం, నూనె, పప్పులు, అన్నీ రావాలి. యంత్రాల ఎదుట మీరు కొన్నప్పటి ధర కాక, అలాంటిది ఈ రోజు కొత్తది కొంటే అయ్యే ధర రాయండి. ఈ పాలసీలో యంత్రాలకు, సామానుకు పరిహారం కట్టేది ఆ ప్రాతిపదికనే, కాలిపోయినదాని స్థానంలో కొత్తది కొన్నప్పుడు. సరుకుకు మాత్రం కొన్న ధరే లెక్క.

ఆ జాబితా మొత్తం రూ.20 లక్షలు వచ్చిందనుకుందాం. ప్రీమియం తగ్గించుకుందామని మీరు రూ.12 లక్షలకే పాలసీ తీసుకున్నారు. వంటింట్లో మంటలు లేచి రూ.5 లక్షల నష్టం జరిగింది. పాలసీ రూ.12 లక్షలకు ఉంది కదా, నష్టం అయిదే కదా, పూర్తిగా వస్తుందని చాలామంది అనుకుంటారు. రాదు. ఉన్న విలువలో మీరు అయిదింట మూడు వంతులకే బీమా చేయించారు కాబట్టి నష్టంలోనూ అయిదింట మూడు వంతులే, అంటే రూ.3 లక్షలే కడతారు. మిగిలిన రూ.2 లక్షలు మీ నెత్తినే పడతాయి. సూక్ష్మ ఉద్యమ సురక్షలో ఒక వెసులుబాటు ఉంది. తక్కువ చూపిన మొత్తం 15 శాతానికి మించకపోతే ఈ కోత పెట్టరు. అంటే ఇదే జాబితాకు రూ.17 లక్షలకు తీసుకుని ఉంటే రూ.5 లక్షల నష్టంలో ఈ లెక్కన కోత ఉండదు, ప్రతి క్లెయిములోనూ మీరే భరించాలని పాలసీలో రాసిన చిన్న మొత్తం మాత్రమే తీస్తారు. ఈ 15 శాతం వెసులుబాటు మీరు చూస్తున్న షాప్‌కీపర్స్ పాలసీలో కూడా ఉందో లేదో అడిగి తెలుసుకోండి. నా ఉద్దేశంలో ఈ ఒక్క ప్రశ్నకు సూటిగా సమాధానం చెప్పలేని ఏజెంటు దగ్గర పాలసీ తీసుకోవడం క్షేమం కాదు.

వంటింటికి సంబంధించి రెండు విషయాలు. ఫ్రీజరు మోటారులో షార్ట్ సర్క్యూట్ అయి ఆ ఫ్రీజరు మాత్రమే కాలిపోతే అగ్ని పాలసీ (సూక్ష్మ ఉద్యమ సురక్ష అయినా, ప్యాకేజీలోని అగ్ని విభాగమైనా) ఏమీ ఇవ్వదు. దాని నుంచి మంట పాకి గోడ, పక్క బల్ల, సరుకు కాలితే ఆ మిగిలిన నష్టానికి ఇస్తుంది. రెండోది గ్యాసు. వ్యాపారానికి 19 కిలోల వంటి వాణిజ్య సిలిండరే వాడాలి. రద్దీ రోజున ఇంటి 14.2 కిలోల సిలిండరు తెచ్చి తగిలించే అలవాటు చాలా హోటళ్లలో ఉంది. అది నేరమన్నది అటుంచి, ప్రమాదం జరిగినప్పుడు నష్టాన్ని లెక్కకట్టడానికి వచ్చే సర్వేయరు మొదట చూసేది ఆ సిలిండరునే. ప్రత్యేక లైసెన్సు లేకుండా ఒక చోట నిల్వ ఉంచుకోదగిన గ్యాసు 100 కిలోలకు మించరాదు. అంటే 19 కిలోలవి అయిదు, 95 కిలోలు. పండుగకని ఆరోది దింపించారో, లెక్క దాటిపోయింది.

హోటలు మూసి ఉన్న రోజుల్లో పోయే ఆదాయానికి, ఆ రోజుల అద్దెకు, జీతాలకు అగ్ని పాలసీ పూచీ పడదు. అందుకు 'లాస్ ఆఫ్ ప్రాఫిట్స్' అనే, పోయిన ఆదాయానికి ఇచ్చే పాలసీ విడిగా ఉంటుంది. కాని మూడేళ్ల లెక్కల పుస్తకాలు సక్రమంగా లేనివారికి అది క్లెయిము సమయంలో పెద్దగా ఉపయోగపడదు. మీరు ముందు అగ్ని పాలసీ సరైన మొత్తానికి తీసుకుని, ఆ తరువాత పనివారి పరిహారం, భోజనానికి వచ్చేవారికి జరిగే హానికి సంబంధించిన పాలసీలు చూసుకోండి. గల్లా, అద్దాలు, బోర్డు మిగిలిన డబ్బును బట్టి చేర్చవచ్చు. చెప్పిన ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ ఉంటుందని మరవకండి.

చివరగా, ప్రతిపాదన ఫారం మీ చేత్తోనే నింపండి. ఏజెంటు ఒడియాలో వివరించి, ఇంగ్లీషులో నింపి, చుక్క గుర్తు పెట్టిన చోట సంతకం చేయమంటే చేసేయడం మన సరిహద్దు ఊళ్లలో మామూలే. 'దుకాణం' అని రాసి ఉన్న చోట 'వంట చేసే హోటలు' అని ఉండాలి. కట్టెల పొయ్యి ఉంటే ఉందని, పైకప్పు రేకులదైతే రేకులదని రాయాలి. ప్రీమియం కొద్దిగా పెరగవచ్చు. దాచినది క్లెయిము నాడు బయటపడితే మొత్తానికే మోసం వస్తుంది.

ప్రశ్న: రాయగడలో మెస్ నడుపుతున్నాను. ఆరుగురు పనివారు. ఈ మధ్య వేడి నూనె మీద పడి వంటమనిషికి చేయి కాలింది. ఆసుపత్రి ఖర్చు నేనే పెట్టుకున్నాను. ఇకముందు ఇలాంటిదానికి బీమా ఉందా?
— ఒక పాఠకురాలు, రాయగడ

సమాధానం: ఉంది. మీలాంటివారు దీన్ని ఎంతమాత్రం వదులుకోకూడదు. పనిలో జరిగిన ప్రమాదానికి యజమానిదే బాధ్యత అన్న సూత్రం 1923 నాటి కార్మిక పరిహార చట్టం నుంచీ ఉంది. పది మంది అంతకు మించి పనివారున్న చోట ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా పథకం) వర్తిస్తుంది, అప్పుడు నెలకు రూ.21,000 వరకు జీతం ఉన్నవారి వైద్యం, పరిహారం అది చూసుకుంటుంది. మీ దగ్గర ఆరుగురే కనుక ఆ నీడ మీకు లేదు. బాధ్యతంతా మీదే.

అది ఎంత బరువో ఒక లెక్క చూడండి. నెలకు రూ.15,000 జీతం ఉన్న ముప్ఫై ఏళ్ల మనిషి పని ప్రమాదంలో మరణిస్తే, జీతంలో సగాన్ని ఆ వయసుకు నిర్ణయించిన 207.98 అనే గుణకంతో హెచ్చిస్తారు. రూ.15,59,850 వస్తుంది. ఒక మెస్ యజమాని అంత సొమ్ము ఎక్కడి నుంచి తెస్తారు? ఉద్యోగుల పరిహార పాలసీ ప్రీమియాన్ని మీరు ఏడాదికి కట్టే జీతాల మొత్తాన్ని బట్టి నిర్ణయిస్తారు కనుక, జీతాలు తగ్గించి చూపకండి. పెళ్లిళ్ల రోజుల్లో దినకూలికి వచ్చే సహాయకులను కూడా సంఖ్యలో చేర్చండి. మీ అనుభవం వంటిదానికి మరొక జాగ్రత్త అవసరం. మామూలు పాలసీలో వైద్య ఖర్చు ఉండకపోవచ్చు, ఉన్నా చిన్న పరిమితి పెడతారు. 'వైద్య ఖర్చుల అదనపు రక్షణ' అని అడిగి రాయించుకోండి. చేయి కాలినవారికి మొదట కావలసినది ఆసుపత్రి బిల్లు కట్టే డబ్బే కదా. గ్యాసు వల్ల ప్రమాదం జరిగితే మాత్రం డీలరుకు వెంటనే రాతపూర్వకంగా తెలియజేయండి. నమోదైన వినియోగదారుల కోసం చమురు కంపెనీలు తామే ఒక బీమా తీసుకుని ఉంటాయి.

ప్రశ్న: పర్లాకిమిడిలో హోటలుతో పాటు పెళ్లిళ్లకు క్యాటరింగు చేస్తాము. భోజనం వికటించి ఎవరికైనా ఏదైనా అయితే పబ్లిక్ లయబిలిటీ (బయటివారికి జరిగే హానికి ఇచ్చే) పాలసీ పనిచేస్తుందా?
— ఒక పాఠకుడు, పర్లాకిమిడి

సమాధానం: పాలసీ మీద ఆ పేరుంటే సరిపోదు. నేల తడిసి జారిపడిన అతిథికి తగిలిన దెబ్బ వరకే భరించి, వడ్డించిన ఆహారం వల్ల కలిగిన హానిని మినహాయించే పాలసీలు ఉన్నాయి. ఆహార పానీయాల వల్ల కలిగే హాని కూడా చేరి ఉందని పాలసీతో ఇచ్చే వివరాల పట్టిక అయిన షెడ్యూలులో కనిపించాలి. రెండవది, పాలసీలో మీ హోటలు చిరునామా మాత్రమే ఉంటే కల్యాణ మండపంలో వడ్డించిన భోజనం దాని పరిధిలోకి రాదని కంపెనీ వాదించవచ్చు. బయట క్యాటరింగు చేస్తామని ఫారంలో రాసి, పాలసీలోనూ ఆ మాట వచ్చిందో లేదో చూసుకోండి.

మొత్తం నిర్ణయించుకోవడానికి ఆహార భద్రతా ప్రమాణాల చట్టం, 2006లోని 65వ సెక్షను ఆధారంగా తీసుకోవచ్చు. ఆహారం వల్ల వినియోగదారుడు మరణిస్తే కనీసం రూ.5 లక్షలు, తీవ్రమైన హానికి రూ.3 లక్షల వరకు, తక్కిన హానికి రూ.1 లక్ష వరకు పరిహారం కట్టవలసి ఉంటుంది. ఇది ఒక్కొక్కరికి. ఒకే పంక్తిలో యాభై మందికి వాంతులైతే ఏమవుతుందో మీరే లెక్క వేసుకోండి. అధికారులు వేసే జరిమానా మాత్రం ఏ పాలసీలోనూ రాదు.

ప్రశ్న: హోటలు కోసం బ్యాంకు రుణం తీసుకున్నప్పుడే బ్యాంకువారు బీమా చేయించారు. మళ్లీ తీసుకోవాలా? క్లెయిము తిరస్కరిస్తే ఎక్కడికి వెళ్లాలి?
— ఒక పాఠకుడు, జయపురం

సమాధానం: ఆ పాలసీ కాపీ ముందు చేతికి తెచ్చుకోండి. సాధారణంగా బ్యాంకు తన రుణానికి తనఖా ఉన్న యంత్రాలకు, సరుకుకు, అదీ రుణం నాటి విలువకే చేయిస్తుంది. తరువాత మీరు కొన్నవి అందులో ఉండవు. హోటలు చోటు మారితే పాత చిరునామాయే కొనసాగుతూ ఉంటుంది. లోటు ఉన్నంత మేరకు అదే పాలసీలో మొత్తం పెంచమని అడగండి. రెండో పాలసీ తీసుకుంటే ఒకే నష్టానికి రెండు చోట్లా పూర్తి పరిహారం రాదు.

తిరస్కరిస్తే మొదట ఆ కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఒడిశావారు భువనేశ్వర్‌లోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అధికారి) కార్యాలయానికి ఏడాదిలోపు ఫిర్యాదు చేయవచ్చు. ఒక్కరే యజమానిగా నడిపే వ్యాపారాల, సూక్ష్మ వ్యాపారాల ఫిర్యాదులను కూడా అక్కడ తీసుకుంటారు. రూ.50 లక్షల వరకు పరిహారం ఇప్పించగలరు, రుసుము లేదు, వకీలు అక్కరలేదు. తిరస్కరణ ఉత్తరం, పాలసీ, సర్వేయరు నివేదిక కాపీ మాత్రం దగ్గర ఉంచుకోండి.