అమెరికాలో చిన్న ఊళ్లో క్లినికల్ సోషల్ వర్కర్‌ని వెతుక్కోవడం ఎలా?

ఒహాయోలో మీ ఊరి దగ్గర కౌన్సెలింగ్‌కి లైసెన్సున్న ఎల్‌సీఎస్‌డబ్ల్యూ (లైసెన్స్‌డ్ క్లినికల్ సోషల్ వర్కర్) ఎవరూ దొరకడం లేదన్నారు. ముందు వెతికే పేరు మార్చండి. టెక్సస్‌లో ఎల్‌సీఎస్‌డబ్ల్యూ అనేవాళ్లని ఒహాయోలో ఎల్‌ఐఎస్‌డబ్ల్యూ (లైసెన్స్‌డ్ ఇండిపెండెంట్ సోషల్ వర్కర్) అంటారు. లైసెన్సు చెల్లుతోందో లేదో రాష్ట్ర బోర్డు వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు.

ఊళ్లోనే ఉండాలని పట్టుబట్టకండి. వీడియోలో మాట్లాడేటప్పుడు ముఖ్యంగా చూడాల్సింది మీరు కూర్చున్న రాష్ట్రంలో వాళ్లకి లైసెన్సు ఉందా అనేదే. కాబట్టి ఒహాయోలోనే దూరంగా కొలంబస్‌లోనో క్లీవ్‌లాండ్‌లోనో ఉన్నవాళ్లయినా ఫర్వాలేదు. తెలుగు మాట్లాడేవాళ్లు కావాలంటే దారి అదే.

ఇన్సూరెన్స్ కార్డు వెనక నంబరుకి ఫోన్ చేసి, కొత్తవాళ్లని తీసుకుంటున్నవాళ్లెవరో అడగండి. ఆన్‌లైన్ జాబితాలు తరచూ పాతబడి ఉంటాయి, నమ్ముకుంటే విసుగే. ఇన్సూరెన్స్ లేకపోతే, దగ్గర్లో ఏ సాయం దొరుకుతుందో చెప్పే 211 నంబరుకి ఫోన్ చేయండి. మందులు మాత్రం సోషల్ వర్కర్లు రాయరు.