అద్దె పెంచడం తర్వాత, ముందు ఆ గోడ సంగతి చూడండి

ప్రశ్న: మాకు రెండు పడగ్గదుల ఫ్లాట్ అద్దెకు ఉంది. మూడేళ్లలో ముగ్గురు మారారు, ఇప్పుడు రెండు నెలలుగా ఖాళీ. బాత్రూమ్ అవతలి గోడకు చెమ్మ పట్టింది. నాలుగు నెలల అద్దె పెట్టి ఫాల్స్ సీలింగ్, కొత్త కిచెన్ కబోర్డులు చేయిస్తే మంచివాళ్లు వస్తారని, అద్దె 10 శాతం పెంచొచ్చని బ్రోకర్ అంటున్నారు. చేయించమంటారా?

జవాబు: వద్దండీ. నాలుగు నెలల అద్దె 10 శాతం పెంపు మీద తిరిగి రావాలంటే 40 నెలలు పడుతుంది. అదీ ఈలోగా ఇల్లు ఒక్క నెలా ఖాళీ పడకపోతే. మీ ఇంట్లోనేమో ఏడాదికొకరు మారుతున్నారు. ఒక నెల ఖాళీ అంటే ఏడాది అద్దెలో 8 శాతానికి పైగా పోయినట్టే. పెంపులో చాలావరకు ఆ నెలే తినేస్తుంది. దిగినవాళ్లు మూడు నాలుగేళ్లు కదలకుండా ఉంటేనే మీకు నిజంగా మిగిలేది.

పాతవాళ్లు ఎందుకు వెళ్లిపోయారో అడిగారా? డిపాజిట్ చేతికొచ్చేశాక ఎవరైనా ఉన్నదున్నట్టు చెబుతారు. ముగ్గురికీ ఫోన్ చేయండి. ఆ గోడ మాట తప్పకుండా వస్తుందని నా అనుమానం.

చెమ్మ మీద రంగు కొట్టించి చూపించే ఆలోచన ఉంటే మానుకోండి. నీరొచ్చే దారి మూయకుండా పుట్టీ, పెయింటు వేస్తే కొన్నాళ్లకే పొక్కులు కట్టి ఊడిపోతాయి. ఇల్లు ఖాళీగా ఉండడం ఒకందుకు మంచిదే. రెండు నెలలుగా అక్కడ ఎవరూ స్నానం చేయలేదు కదా, గోడ ఆరిందా? ఆరితే లోపం టైల్స్ సందుల్లోనో, నీళ్లు పోయే జాలీ చుట్టూనో ఉండొచ్చు. ఇంకా తడిగానే ఉంటే ఎప్పుడూ నీళ్లుండే సప్లై పైపునో, పై ఫ్లాట్‌నో అనుమానించాలి. ఈ మాట ప్లంబర్‌కు ముందే చెబితే అనవసరంగా టైల్స్ పగలగొట్టడు. రిపేరయ్యాక గోడ పూర్తిగా ఆరనిచ్చి అప్పుడు రంగు వేయించండి.

తర్వాత కరెంటు. ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) ఉంది కదా అనుకోవద్దు, అది కాపాడేది వైరింగును. మనిషికి షాక్ కొట్టినప్పుడు కరెంటు ఆపే స్విచ్ వేరు, 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ. లేకపోతే ఎలక్ట్రీషియన్‌తో పెట్టించండి. ఉంటే టెస్ట్ బటన్ నొక్కి చూడండి, వెంటనే ట్రిప్ అవ్వాలి. తాళాలు, గొళ్లాలు, ఫ్లష్ లాంటివి ఒక్కరోజు పని.

రిపేర్ల ఖర్చులకు ఇంటి విలువలో ఏటా 1 శాతం పక్కన పెట్టాలనే లెక్క ఒకటి వాడుకలో ఉంది. అందులో స్థలం విలువా కలిసిపోతుంది కాబట్టి నాకు అంతగా నచ్చదు. ఏడాదికి ఒక నెల అద్దె వేరే ఖాతాలో వేయండి, ఇల్లు పాతదైతే నెలన్నర. దాన్ని ఆదాయంగా లెక్కేసుకోకండి.

కొత్తవాళ్లు దిగే రోజు గది గదికీ ఫోటోలు తీసి, మీటర్ రీడింగులు రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి. ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ దగ్గర గొడవలు చాలావరకు తప్పుతాయి. కుళాయి కారుతోందని ఫోన్ వస్తే, పని ఎప్పటికి అవుతుందో మర్నాటికల్లా చెప్పేయండి. రోజుల తరబడి పలకని ఓనరంటేనే అద్దెకుండేవాళ్లకు టెన్షన్.

అద్దె పాతదే చెప్పండి. 5 శాతం ఎక్కువ ఇచ్చేవాళ్ల కోసం ఇంకో నెల ఆగితే, ఆ నెల నష్టం పూడడానికే 20 నెలలు పడుతుంది.

ఇవన్నీ అయ్యాక కబోర్డుల తలుపులు నిజంగా పాడై ఉంటే తలుపుల వరకు మార్పించండి. ఫాల్స్ సీలింగ్ మాత్రం వద్దే వద్దు. పై ఫ్లాట్ నుంచి నీరు దిగుతుంటే చాలాకాలం మీ కంట పడనివ్వదు.