ఇచిరో కబుర్లలోకి సచిన్‌ను తేవద్దు

సందేహం: సియాటిల్‌కు వచ్చి నాలుగు నెలలైంది. మా ఆఫీసులో భోజనాల దగ్గర ఇచిరో అనే బేస్‌బాల్ ఆటగాడి ప్రస్తావన తరచూ వస్తుంది. ఆయన ఆట మానేసి ఏళ్లు గడిచాయట. అయినా మొన్న ఒక పెద్దాయన ఆ చివరి మ్యాచ్ గురించి చెబుతూ గొంతు పూడుకుపోయి ఆగిపోయారు. ఆ మౌనంలో ఏదో ఒకటి మాట్లాడాలని, మా సచిన్ వంద సెంచరీలు కొట్టాడని అన్నాను. ఎవరూ బదులు పలకలేదు. అప్పటి నుంచి ఆ కబుర్లలో నన్ను కలుపుకోవడం లేదనిపిస్తోంది. ఏం చేయాలి అన్నగారూ?

తమ్ముడూ, వయసులో చిన్నవాడివి కాబట్టి నువ్వు అనే అంటున్నాను. నువ్వు చేసింది తప్పు కాదు, తొందరపాటు. ఒకరు తమ ఇంటి పెద్దను తలచుకుని బాధపడుతుంటే, మా తాతగారు ఇంకా గొప్పవారండీ అనం కదా. ఇదీ అలాంటిదే.

నేను ఈ ఊరికి 2001 జనవరిలో వచ్చాను. ఆ మార్చిలోనే మన లక్ష్మణ్ ఈడెన్ గార్డెన్స్‌లో 281 పరుగులు చేశాడు. రాత్రంతా కంప్యూటర్ ముందు కూర్చుని స్కోరు చూసుకున్న రోజులవి. సరిగ్గా మూడు వారాలు తిరగకుండానే, ఏప్రిల్ 2న, ఇచిరో సుజుకి సియాటిల్ మారినర్స్ తరఫున మొదటి మ్యాచ్ ఆడాడు. అంతకుముందు జపాన్ నుంచి ఇక్కడి పెద్ద లీగ్‌కు వచ్చినవాళ్లు పిచర్లే, అంటే బంతి విసిరేవాళ్లే. సన్నగా ఉండే ఈ మనిషి బ్యాటుతో నెగ్గుకురాగలడా అని చాలామంది సందేహించారు. ఆ ఏడాది ఉత్తమ కొత్త ఆటగాడి బహుమతీ, లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడి బహుమతీ రెండూ ఆయనకే వచ్చాయి. జట్టు 162 మ్యాచ్‌లలో 116 గెలిచింది.

మన క్రికెట్ కళ్లకు ఇచిరో ఆట త్వరగా అర్థమవుతుంది. బేస్‌బాల్ అంటే బంతిని ప్రేక్షకుల్లోకి బాదడమే అనుకుంటాం. ఆయన ఎక్కువగా ఫీల్డర్లు లేని చోటు చూసి బంతిని అక్కడికి తోసి పరుగెత్తేవాడు. బంతి రాకముందు బ్యాటును కుడిచేత్తో పిచర్ వైపు నిటారుగా పట్టుకుని, ఎడమచేత్తో కుడి భుజం మీది చొక్కాను చిన్నగా లాగేవాడు. ఇక్కడి పిల్లలు పార్కుల్లో ప్లాస్టిక్ బ్యాట్లతో అచ్చంగా అలాగే లాగేవారు. 2004లో ఒకే సీజనులో 262 హిట్లు (బంతిని కొట్టి అవుట్ కాకుండా మొదటి మజిలీ, అంటే బేస్, చేరితే ఒక హిట్) కొట్టి, 1920లో జార్జ్ సిస్లర్ నెలకొల్పిన 257 రికార్డును దాటాడు. ఆ రాత్రి సిస్లర్ కుమార్తె స్టేడియంలోనే ఉన్నారు. మ్యాచ్ మధ్యలోనే ఇచిరో ఆమె దగ్గరికి నడిచి వెళ్లి చేయి కలిపాడు. తాను దాటింది ఎవరి రికార్డో ఆయనకు తెలుసు. నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇది.

తర్వాత 2012 వచ్చింది. జులై 23న ఆయనను న్యూయార్క్ యాంకీస్‌కు ఇచ్చేశారు. విడ్డూరం ఏమిటంటే, ఆ రోజు యాంకీస్ ఆడుతున్నది సియాటిల్‌లోనే. పదకొండేళ్లు తనదనుకున్న మైదానంలోకి ఆ సాయంత్రమే ఎదుటి జట్టు చొక్కాతో, 51 బదులు 31 నంబరుతో వచ్చాడు. నేను ఆఫీసులో పక్క బల్ల దగ్గర కూర్చునే ఒక పెద్దాయనతో కలిసి వెళ్లాను. ప్రతి ఆటగాడికీ ఒక గడి, ప్రతి దెబ్బకూ ఒక గుర్తు చొప్పున పెన్సిల్‌తో స్కోరు పుస్తకం రాసుకోవడం ఆయన అలవాటు. జనం అంతా లేచి నిలబడ్డారు. ఇచిరో హెల్మెట్ తీసి నడుము వంచి నమస్కరించాడు. పెద్దాయన ఆ గడిలో పెన్సిల్ ఆనించి అలాగే అదిమి పట్టుకున్నారు. మొన విరిగింది. గడి ఖాళీగానే ఉండిపోయింది.

ఆ తర్వాత నెల రోజులైనా కాలేదు. ఆగస్టు 18న హైదరాబాద్‌లో లక్ష్మణ్ రిటైర్మెంట్ ప్రకటించాడు. ఉప్పల్‌లో సొంత జనం ముందు టెస్టుకు అయిదు రోజులే ఉన్నా ఆగలేదు. సోమవారం నేను ముభావంగా ఉండడం ఆ పెద్దాయన కనిపెట్టారు. కారణం చెప్పాను. ఆయనకు క్రికెట్ అక్షరం తెలియదు. "అతణ్ని మొదటిసారి ఎక్కడ చూశావు?" అని మాత్రం అడిగారు. అంతే, గంటసేపు చెప్పాను. ఈ దేశంలో నా ఊరి గురించి నన్ను అలా అడిగిన మొదటి మనిషి ఆయన.

నువ్వు అడగాల్సిందీ ఆ ప్రశ్నే. గణాంకాలు అడగకు, అవి ఫోనులో దొరుకుతాయి. జపాన్‌లో 1,278, ఇక్కడ 3,089 హిట్లని ఎవరైనా చెప్పగలరు. చివరి మ్యాచ్‌ను ఎక్కడ ఉండి చూశారో అడుగు. అది 2019 మార్చి 21న టోక్యో డోమ్‌లో జరిగింది, ఆట మొదలయ్యేసరికి సియాటిల్‌లో తెల్లవారుజామున రెండున్నర దాటింది. తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆటలో ఎనిమిదో ఇన్నింగ్స్‌లో, మైదానం కుడివైపు తన చోటైన రైట్ ఫీల్డ్‌కు వెళ్లిన 45 ఏళ్ల ఆటగాణ్ని వెనక్కి పిలిచారు. తోటివాళ్లంతా వచ్చి ఒక్కొక్కరే కౌగిలించుకున్నారు. ఆ రోజే ఈ లీగ్‌లో తొలి మ్యాచ్ ఆడిన జపాన్ పిచర్ కికుచి కన్నీళ్లు ఆపుకోలేకపోయాడు. వేల మైళ్ల దూరంలోని ఆట కోసం వేళ కాని వేళ లేవడం మనకు కొత్త కాదు కదా. మీ పెద్దాయన గొంతు పూడుకుపోయింది బహుశా ఆ తెల్లవారుజాము గుర్తొచ్చే.

వాళ్లు చెప్పడం అయ్యాక, నిన్ను అడిగితే, అప్పుడు సచిన్ గురించి చెప్పు. సంఖ్యలతో కాకుండా, మీ ఇంట్లో టీవీ ముందు ఎవరెవరు కూర్చునేవారో, ఆయన అవుటైతే ఎవరు లేచి వెళ్లిపోయేవారో చెప్పు.

మార్చి చివర్లో సీజను మొదలవుతుంది. సొంత మైదానంలోనే 81 మ్యాచ్‌లుంటాయి కాబట్టి టికెట్ దొరక్కపోదు. లైట్ రైల్లో స్టేడియం స్టేషన్‌లో దిగి నడిచిపోవచ్చు. ఇచిరో నిలబడిన రైట్ ఫీల్డ్ వైపే సీట్లు తీసుకో. 2025 ఆగస్టు నుంచి 51ని ఇంకెవరికీ ఇవ్వకుండా ఆయన గౌరవార్థం పక్కన పెట్టేశారు, ఆ అంకె ఎక్కడుందో వెతికి చూడు. మీ పెద్దాయనను కూడా రమ్మని అడుగు. ఆయనకు స్కోరు రాసే అలవాటుంటే, ఒక గడి నీ చేత నింపించమను.