మధ్యాహ్నం వాలిన మొక్కకు మందు కొట్టకండి

ప్రశ్న: నల్లరేగడి నేల. ఇంటి పక్కన రెండు గుంటల్లో వంగ, టమాట, మిరప, నాలుగు నిమ్మ చెట్లు ఉన్నాయి. ఎండలు ముదిరినప్పటి నుంచి పొద్దున, సాయంత్రం పైపుతో నీళ్లు పెడుతున్నా మధ్యాహ్నానికి మొక్కలన్నీ వాలిపోతున్నాయి. కొన్ని వంగ మొక్కలు పసుపెక్కి చచ్చిపోయాయి. మూడేళ్ల నిమ్మ చెట్లకు ఆకు ముడుచుకుని పిందె రాలుతోంది, ఒకదానికి మొదట్లో బంక కారుతోంది. ఎండు తెగులని చెప్పి దుకాణంలో మూడు మందులు కలిపి కొట్టమన్నారు. రెండుసార్లు కొట్టినా గుణం లేదు. ఇంకేం మందు కొట్టాలి?
– ఓ రైతు, ధర్మాబాద్ తాలూకా, నాందేడ్ జిల్లా, మహారాష్ట్ర

జవాబు: ఇంకే మందూ కొట్టకండి. మీరు రాసినదాన్ని బట్టి ఇది ఎండు తెగులులా లేదు, నీళ్లు పెట్టే పద్ధతిలో ఉన్న తప్పులా ఉంది. ఒకే పైపుతో వంగను ముంచుతున్నారు, నిమ్మను ఎండబెడుతున్నారు.

43, 44 డిగ్రీల ఎండలో చాలా కూరగాయ మొక్కలు మధ్యాహ్నం వాలతాయి. నేలలో తేమ ఉన్నా సరే, ఆకుల నుంచి ఆవిరయ్యేంత వేగంగా వేర్లు నీళ్లు అందించలేవు. అది చూసి టెన్షన్ పడి సాయంత్రం మళ్లీ పైపు పట్టుకోవద్దు. మొక్కను తెల్లవారి 6 గంటలకు చూడండి. నిటారుగా ఉంటే చాలావరకు అది ఎండ వల్ల వాలిందే, జబ్బు కాదు. అప్పటికీ వాలి ఉంటేనే కారణం వెతకాలి, అదీ నేల తవ్వి చూసి.

కలుపు తీసే ఖుర్పీతో మొక్కకు జానెడు దూరంలో ఆరంగుళాలు తవ్వి, అడుగు మట్టిని పిడికిట్లో నొక్కండి. ముద్దయి వేళ్లకు అంటుకుంటే ఆ రోజు నీళ్లు వద్దు. ముద్ద కట్టకుండా పొడిపొడిగా రాలితే ఆలస్యం చేయకుండా పెట్టండి. పైమట్టిని చూసి లెక్క వేయకండి. రేగడి పైన ఎండి బీటలు వారినా కింద నాలుగైదు రోజులు తేమ పట్టి ఉంచుతుంది. అలాంటి నేలకు రోజూ రెండు పూటలా నీళ్లు పెడితే వేరుకు గాలి ఆడదు. చచ్చిన వంగ మొక్క ఒకటి పీకి సన్న వేరును గోటితో లాగండి. వేరు గోధుమ రంగులో ఉండి, పైతోలు జారిపోయి లోపల దారంలా మిగిలితే నీళ్లెక్కువై కుళ్లిందన్నమాట. ఆ చుట్టుపక్కల మొక్కలకు నాలుగైదు రోజులు నీళ్లు ఆపి, మట్టి కాస్త ఆరాక లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే శిలీంధ్ర మందు కలిపి మొదలు తడిసేలా ఒక్కసారి పోయండి. ఆకుల మీద కొట్టే పని లేదు.

వేర్లు తెల్లగా బాగుండి, ఆకు పచ్చగా ఉండగానే మొక్క హఠాత్తుగా వాలితే కాండం కింది భాగం కోసి, గాజు గ్లాసులో తేట నీళ్లు పోసి అందులో నిలబెట్టండి. రెండు మూడు నిమిషాల్లో కోసిన చోటు నుంచి తెల్లని పొగలాంటి ధార దిగితే అది బాక్టీరియా వాడు తెగులు. దానికి మందు లేదు, ఎవరు అమ్మినా కొనకండి. మొక్కను వేళ్లతో సహా పీకి కాల్చేసి, ఆ మడిలో రెండు మూడేళ్లు వంగ, టమాట, మిరప వేయకండి.

ఇక నీటి లెక్క. చదరపు మీటరు మడికి ఈ ఎండల్లో రోజుకు సుమారు 5 లీటర్లు చాలు. రెండడుగుల దూరంలో ఉన్న వంగకు అంటే రోజుకు 2 లీటర్ల లోపే. దాన్ని రోజూ చిలకరించకుండా మూడు రోజులకోసారి మొక్కకు 5–6 లీటర్లు ఒకేసారి ఇవ్వండి. పై రెండంగుళాలే తడిసేలా చిలకరిస్తే వేర్లు పైపైనే పాకి, ఎండకు ముందుగా అవే మాడతాయి. పైపు కింద 20 లీటర్ల బకెట్ పెట్టి ఎన్ని నిమిషాలకు నిండుతుందో చూసుకుంటే మీ లెక్క మీకే తెలుస్తుంది. ఉదయం 8 లోపు పెట్టండి. ఎండలో పడి ఉన్న పైపులోని నీళ్లు చెయ్యి కాలేంత వేడిగా ఉంటాయి, వాటిని పక్కకు పోనిచ్చాకే మొక్క దగ్గరికి తీసుకెళ్లండి. కుండీలు ఉంటే వాటికి ఈ లెక్క పనికిరాదు, రోజూ పోయాల్సిందే.

నిమ్మ సంగతి వేరు. మీరు నీళ్లు కాండం మొదట్లో పోస్తున్నట్టుంది. అందుకే ఆ ఒక చెట్టుకు బంక కారుతోంది. నీళ్లు తాగే సన్న వేర్లు కొమ్మల నీడ అంచున ఉంటాయి, అక్కడ మాత్రం నేల పగుళ్లిచ్చి ఉంటుంది. ముందు పార పెట్టి పైమట్టి కదిలించి పగుళ్లు పూడ్చండి. లేకపోతే ఎన్ని నీళ్లు పోసినా పగులులోంచి నేరుగా లోపలికి పోతాయి. తర్వాత కాండం చుట్టూ రెండడుగుల దూరంలో ఒక గట్టు, కొమ్మల అంచుకు కాస్త అవతల ఇంకో గట్టు వేసి, నీళ్లు ఈ రెండింటి మధ్యే నింపండి. మూడేళ్ల చెట్టుకు రోజుకు 20 లీటర్ల లెక్కన ఐదు రోజులకోసారి 100 లీటర్లు. బంక ఉన్న చోట కుళ్లిన బెరడు చెక్కి, 100 గ్రాముల మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), 100 గ్రాముల సున్నం విడివిడిగా అర లీటరు చొప్పున నీటిలో కరిగించి, కలిపి, మొదలు నుంచి రెండడుగుల ఎత్తు వరకు పూయండి. ప్లాస్టిక్ బకెట్‌లోనే కలపాలి, ఇనుప పాత్ర వద్దు. కలిపిన రోజే వాడేయాలి.

మీ వైపు సోయాబీన్ పొట్టుకు కొదవ లేదు. మూడు నాలుగంగుళాల మందాన మడి అంతా పరవండి, కాండానికి నాలుగు వేళ్ల దూరం వదలండి. నీళ్ల తడుల మధ్య ఇంకో రోజో రెండు రోజులో కలిసొస్తాయి. చెదలు పడతాయని భయమైతే పొట్టు కింద వేపపిండి చల్లండి. ఈ ఒక్క పని చేసినవారికి దుకాణం దాకా పోయే అవసరం చాలావరకు తగ్గుతుంది.

దుకాణం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. కృషి సేవా కేంద్రం అని బోర్డు ఉన్నంత మాత్రాన అది ప్రభుత్వ ఆఫీసు కాదు, మందులు అమ్ముకునే షాపు. మొక్కను చూడకుండా, వేరు తవ్వకుండా శిలీంధ్ర మందు, పురుగు మందు, టానిక్ ఒకే ట్యాంకులో కలిపి ఇచ్చేవారి దగ్గర సలహా అడగకండి. పైగా ఈ ఎండలో కొడితే ఆకులు మాడతాయి, ఆ మచ్చలు చూపిస్తే ఇంకో మందు ఇస్తారు. మీరు కొట్టింది పిల్లలు తినే వంకాయల మీద. మందు కొట్టాక కోతకు ఎన్ని రోజులు ఆగాలో ఒక్కో డబ్బా మీద చూసి, వాటిలో పెద్ద సంఖ్య దాటేదాకా కాయలు కోసి పారేయండి, వండకండి.

ఇంత చేసినా ఆకుల కొనలు మాడుతూ, మడి మీద తెల్లని పొర కడుతుంటే బోరు నీటిలో ఉప్పు ఎక్కువని అనుమానించాలి. నిమ్మ ఉప్పును అస్సలు తట్టుకోదు. నీళ్లు, మట్టి పరీక్ష కోసం బిలోలి తాలూకా సగరోళిలోని కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి, అది షాపు కాదు, రైతులకు సలహాలిచ్చే కేంద్రం. బోరు పది నిమిషాలు నడిచాక అర లీటరు నీళ్లు శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టి, ఆ రోజే తీసుకెళ్లండి. మందులు పోసిన ఖాళీ సీసాలో మాత్రం పట్టకండి.