తల దిగిందా, అడ్డం తిరిగిందా?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం. మొదటి కాన్పు, 33వ వారం. స్కానింగ్ రిపోర్టులో ఒకచోట ‘సెఫాలిక్’ అనీ, రెండు వరసల కింద ‘పోస్టీరియర్’ అనీ ఉంది. బిడ్డ వెన్ను నా వెన్నుకు ఆనుకుని ఉందని, కాన్పు కష్టమవుతుందని మా అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ అన్నారు. ఆఫీసులో ఎనిమిది గంటలు, క్యాబ్‌లో రెండు గంటలు కూర్చునే ఉంటాను. అందువల్లే ఇలా అయిందా?

జవాబు: ముందు ఆ రిపోర్టు మళ్ళీ తీసి చూడండి. ‘పోస్టీరియర్’ అన్న మాట ‘ప్లాసెంటా’ పక్కన ఉంటే అది మాయ గురించి. గర్భసంచి వెనక గోడకు మాయ అంటుకుని ఉందని దాని అర్థం. అది మామూలే, బిడ్డ వెన్ను ఎటుందో దాన్నిబట్టి చెప్పలేం. ఈ ఒక్క మాట చూసి నిద్ర మానుకునే గర్భిణులు తక్కువేమీ కాదు. ‘సెఫాలిక్’ అంటే తల కిందికి ఉందని. చెకప్‌లో నర్సమ్మ కన్నడంలో ‘తలె కెళగిదె’ అన్నా అదే. ఇప్పటికి మీకు కావలసింది ఆ మాటే.

వెన్ను ఎటుందో చూసుకోవాలని ఉంటే, దిండ్లు పెట్టుకుని సగం వాలి, మోకాళ్ళు మడిచి, రెండు అరచేతులతో పొట్ట పక్కల్ని నెమ్మదిగా తడమండి. ఒకవైపు పలకలా నున్నగా, గట్టిగా తగిలితే అది వెన్ను. రెండోవైపు చిన్నచిన్న బుడిపెల్లా తగిలేవి కాళ్ళూ చేతులూ. బొడ్డు దగ్గర పల్లంగా ఉండి, తన్నులు ముందువైపు అంతటా తెలుస్తుంటే వెన్ను వెనక్కి ఉండవచ్చు. మాయ ముందు గోడకు ఉన్నవాళ్ళకు ఈ గుర్తులు సరిగ్గా అందవు.

వెన్ను వెనక్కి ఉంటే కష్టమనడానికి కారణం తల కొలత. బిడ్డ గడ్డం గుండెకు ఆనించుకుని దిగితే దారిలోకి వచ్చే తల అడ్డుకొలత సుమారు 9.5 సెంటీమీటర్లు. వెన్ను వెనక్కి ఉన్న బిడ్డ తరచు గడ్డం కాస్త ఎత్తుతుంది, అప్పుడది 11.5 దాకా వస్తుంది. నొప్పులు ఎక్కువసేపు సాగుతాయి, నడుంలోకి దిగుతాయి. కానీ నొప్పుల మొదట్లో అలా ఉన్న బిడ్డల్లో ఎక్కువమంది నొప్పుల్లోనే తిరిగిపోతారు. పుట్టే సమయానికి అలాగే మిగిలేవాళ్ళు నూటికి ఐదుగురు, కాస్త అటూ ఇటూ.

ఇల్లు వంగి తుడిస్తే, మోకాళ్ళ మీద ఉంటే బిడ్డ తిరుగుతుందని చెబుతారు. ఆస్ట్రేలియాలో 2,547 మంది గర్భిణులతో దీన్నే పరీక్షించి 2004లో ఫలితాలు ప్రచురించారు. 37వ వారం నుంచి రోజుకు రెండుసార్లు, పది నిమిషాల చొప్పున చేతులూ మోకాళ్ళూ నేలకు ఆనించి నడుం ఊపినవాళ్ళకూ, ఊపనివాళ్ళకూ పుట్టేనాటి స్థితిలో తేడా రాలేదు. కాబట్టి బిడ్డ కోసం చేయాలని ఒత్తిడి పెట్టుకోకండి. నడుం నొప్పికి హాయిగా ఉంటే చేయండి: బొంత నాలుగు మడతలు వేసి దాని మీద మోకాళ్ళు, తుంటికి సూటిగా కింద. అరచేతులు భుజాల కింద. ఊపిరి వదులుతూ వీపు పిల్లిలా పైకెత్తి, పీలుస్తూ తిన్నగా చేయాలి. నడుం కిందికి జారనివ్వకూడదు. పదిసార్లు చాలు. తల తిరిగినా, పొట్ట బిగుసుకున్నా ఆపండి. పెద్ద బంతి మీద కూర్చోవాలనుకుంటే మోకాళ్ళకంటే తుంటి కాస్త ఎత్తులో ఉండేది కొనండి. నున్నటి టైల్స్ మీద కాదు, చాప మీద, గోడ పక్కన, సాక్సులు లేకుండా కూర్చోండి.

కుర్చీ తప్పు కాదు, మీ తప్పూ కాదు. గంటకొకసారి లేచి నడవడం మాత్రం కాళ్ళ వాపుకూ, రక్తం గడ్డకట్టకుండానూ అవసరం. క్యాబ్‌లో బెల్టు మానకండి. కింది పట్టీ పొట్ట కింద తుంటి మీదుగా, పై పట్టీ రొమ్ముల మధ్య నుంచి పొట్ట పక్కగా పోవాలి.

ప్రశ్న: కె.ఆర్. పురం నుంచి రాస్తున్నాను. మొదటి కాన్పు, 36వ వారం. బిడ్డ ఎదురుకాళ్ళతో ఉందన్నారు, సిజేరియన్‌కు తేదీ చూసుకోమన్నారు. మా అత్తయ్య ఊళ్ళో పొట్ట తోమి తిప్పే ముసలమ్మ ఉందంటున్నారు. వేరే దారి లేదా?

జవాబు: ఉంది, కానీ ముసలమ్మ దగ్గర కాదు. స్కాన్, గుండె కొట్టుకునే తీరు చూసే యంత్రం లేకుండా పొట్ట పిసికితే మాయ ఊడి లోపల రక్తస్రావం కావచ్చు. అప్పుడు తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం, పైగా బయటికి రక్తం కనిపించకపోవచ్చు కూడా.

28 వారాలప్పుడు నలుగురైదుగురిలో ఒక బిడ్డ ఇలాగే ఉంటుంది. నెలలు నిండేసరికి నూటికి ముగ్గురు నలుగురే మిగులుతారు. 36 దాటాక దానంతట అది తిరిగే అవకాశం తగ్గుతుంది. అందుకే ఇప్పుడే అడగవలసిన మాట ఒకటుంది: ఈసీవీ. పొట్ట మీద నుంచే డాక్టరు చేతులతో బిడ్డను తిప్పడం. మొదటి కాన్పుకు 36 వారాల నుంచి, తర్వాతి కాన్పులకు 37 నుంచి చేస్తారు.

ఆపరేషన్ థియేటరు ఉన్న ఆసుపత్రిలోనే చేయించుకోవాలి. ముందు స్కాన్ చేసి బిడ్డ, మాయ, ఉమ్మనీరు చూస్తారు. బిడ్డ గుండె తీరు కొంతసేపు కాగితం మీద నమోదు చేస్తారు. గర్భసంచి వదులు కావడానికి టెర్బుటలిన్ ఇంజెక్షన్ ఇస్తారు. దానితో మీ గుండె కాసేపు దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి. భయపడకండి. తర్వాత బిడ్డ పిర్రల్ని కటి నుంచి పైకి లేపి, గడ్డం గుండెకు ఆనేలా తలను వంచుతూ పిల్లిమొగ్గ వేయించినట్టు తిప్పుతారు. పని కొద్ది నిమిషాలే. గట్టిగా ఒత్తినట్టు ఉంటుంది, ఓర్చుకోలేకపోతే ఆపమనండి, ఆపుతారు. మళ్ళీ గుండె తీరు చూసి ఇంటికి పంపుతారు. మీ రక్తం నెగటివ్ గ్రూపైతే యాంటీ-డి ఇంజెక్షన్ తీసుకునే కదలండి.

మొత్తం మీద సగం మందిలో బిడ్డ తిరుగుతుంది. మొదటి కాన్పువాళ్ళలో ఇంకొంచెం తక్కువ, తర్వాతి కాన్పుల్లో ఎక్కువ. రెండు వందల మందిలో ఒకరికి వెంటనే సిజేరియన్ అవసరం పడవచ్చు. మాయ కిందికి ఉన్నా, రక్తం కనబడినా, ఉమ్మనీరు పోయినా, కవలలైనా చేయరు.

అన్ని ఆసుపత్రుల్లోనూ దీన్ని చేయరు. ‘మీరు ఈసీవీ చేస్తారా, తరచుగా చేస్తారా?’ అని ఈ వారమే ఫోన్ చేసి కనుక్కోండి. తిరగకపోతే, వేరే తొందర కారణం లేనప్పుడు సిజేరియన్‌ను సాధారణంగా 39వ వారంలో పెడతారు. అంతకుముందు తీస్తే బిడ్డకు ఊపిరి ఇబ్బంది వచ్చే అవకాశం ఎక్కువ. ఆ రోజు థియేటరులోకి వెళ్ళేముందు మళ్ళీ స్కాన్ అడగండి. ఆఖరి రోజుల్లో తిరిగిన బిడ్డలూ ఉన్నారు. ఎలా పుట్టినా, ఎదురుకాళ్ళ బిడ్డకు ఆరు వారాల లోపు తుంటి కీలు స్కాన్ తీయించడం మరవకండి, ఆ కీలు వదులుగా ఉండే అవకాశం వీళ్ళలో ఎక్కువ. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తొక్కితే నడుం పట్టు వదులుతుందన్న పేరు మాత్రం మీ బిడ్డకు ఎటూ వస్తుంది!

ప్రశ్న: పొట్ట కుడివైపుకు ఒరిగితే మగబిడ్డేనా? పేగు మెడకు చుట్టుకుని ఉంటే సిజేరియన్ తప్పదా?

జవాబు: మొదటిదానికి కాదు. బిడ్డ ఒరగడానికీ ఆడా మగా అనడానికీ సంబంధం లేదు. రెండోదానికీ కాదు. పుట్టే బిడ్డల్లో నలుగురైదుగురిలో ఒకరికి పేగు చుట్టుకునే ఉంటుంది, బయటికి వస్తుండగానే తప్పిస్తారు.

ప్రశ్న: బెంగళూరులోనే ఉంటాం. రెండో కాన్పు, 37 వారాలు. ఒక చెకప్‌లో తల కింద, మరో చెకప్‌లో బిడ్డ అడ్డం. పురుటికి ధర్మవరం పుట్టింటికి కారులో వెళ్ళవచ్చా?

జవాబు: వద్దు. అమ్మనే బెంగళూరుకు పిలిపించుకోండి. రెండో కాన్పులో పొట్ట కండరాలు వదులై బిడ్డ ఇలా తిరుగుతూ ఉండవచ్చు. కానీ ఉమ్మనీరు ఎక్కువుందా, మాయ దారికి అడ్డంగా ఉందా అన్నది ముందు స్కాన్‌లో తేలాలి. అడ్డంగా ఉన్నప్పుడు ఉమ్మనీరు పోతే, దారిలో తల లేదు కాబట్టి బొడ్డుతాడు జారి బయటికి రావచ్చు. తాడు నలిగితే బిడ్డకు రక్తం అందడం నిమిషాల్లో ఆగిపోతుంది. ఈ భయంతోనే కొందరు డాక్టర్లు కాన్పుదాకా ఆసుపత్రిలోనే ఉండమంటారు. చెబితే ఉండండి.

ఇంట్లో ఉమ్మనీరు పోతే, తాడు కనబడినా కనబడకపోయినా 108కి ఫోన్ చేసి, బిడ్డ అడ్డంగా ఉందని మొదటి మాటగా చెప్పండి. కింద ఏదైనా జారినట్టు తోస్తే మోకాళ్ళ మీద వంగి, ఛాతీ నేలకు ఆనించి, పిర్రలు పైకి ఉంచండి. తాడును లోపలికి తోయవద్దు, ముట్టుకోవద్దు. అంబులెన్స్‌లో ఎడమపక్కకు తిరిగి, తుంటి కింద రెండు దిండ్లు పెట్టి పడుకోబెట్టమనండి.