గ్రాఫీన్ సెన్సర్ వైరస్‌ను ఎలా పసిగడుతుంది?

ఒక్క పరమాణువు మందమున్న కార్బన్ పొరకు వైరస్ వచ్చిందని ఎలా తెలుస్తుందన్నది మీ ప్రశ్న. నిజానికి గ్రాఫీన్‌కు వైరస్‌ను గుర్తుపట్టడం రాదు. ఆ పని దాని మీద అతికించిన యాంటీబాడీలది, అంటే వైరస్‌ను గుర్తించి పట్టుకునే ప్రొటీన్లది. గ్రాఫీన్ చేసేది, వాటికి ఏదో తగులుకుందన్న కబురును కరెంటు రూపంలో చెప్పడం.

మామూలు తీగలో కరెంటు చాలావరకు లోపలి నుంచి పోతుంది. గ్రాఫీన్‌కు లోపల అనేదే లేదు, అంతా ఉపరితలమే. అందుకే విద్యుదావేశం ఉన్న ప్రొటీన్ దగ్గరికొచ్చినా అందులో పారే కరెంటు మారిపోతుంది. ఈ పదార్థంలో నాకు అన్నిటికన్నా అద్భుతంగా అనిపించేది ఇదే.

2020లో దక్షిణ కొరియా శాస్త్రవేత్తలు కొవిడ్ కోసం ఇలాంటి సెన్సర్ చేశారు. యాంటీబాడీని నేరుగా గ్రాఫీన్‌కు రసాయనికంగా బంధిస్తే పొర దెబ్బతిని కరెంటు సరిగా పారదు. అందుకని పైరీన్ (కార్బన్ వలయాలతో చదునుగా ఉండే భాగం) ఉన్న ఒక అణువును మధ్యలో వాడారు. దాని ఒక కొస గ్రాఫీన్ మీద బల్లిలా అతుక్కుంటే, రెండో కొస, వైరస్ పైన ముళ్లలా ఉండే స్పైక్ ప్రొటీన్‌ను పట్టే యాంటీబాడీని పట్టుకుంటుంది. ఉప్పు ద్రావణంలో మిల్లీలీటరుకు 1 ఫెమ్టోగ్రాము (గ్రాములో వెయ్యి లక్షల కోట్లవ వంతు) స్పైక్ ప్రొటీన్ ఉన్నా అది పట్టేసింది. ఆర్‌టీ-పీసీఆర్‌లోలా జన్యుపదార్థాన్ని పెంచాల్సిన పనిలేదు.

అసలు చిక్కు ఉప్పుతోనే. రక్తంలాంటి ద్రవాల్లో లవణాల అయాన్లు ఆవేశాన్ని దాదాపు 1 నానోమీటరు దూరంలోనే కప్పేస్తాయి. యాంటీబాడీ పొడవేమో సుమారు 10 నానోమీటర్లు. దాని చివర వైరస్ తగులుకున్నా సిగ్నల్ గ్రాఫీన్ దాకా బలహీనంగానే చేరుతుంది. అందుకే నమూనాను పలచన చేస్తారు, లేదా యాంటీబాడీకి బదులు పొట్టి ఆప్టామర్లు (యాంటీబాడీలాగే లక్ష్యాన్ని పట్టుకునే చిన్న డీఎన్ఏ లేదా ఆర్ఎన్ఏ పోగులు) వాడతారు.